సముద్రం దాటని కొసరు

కొసరు పడకుండా బేరం ముగించిన ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు. పావుకిలో పచ్చిమిరపకాయలు తూయించుకున్నాక, పైన నాలుగు కరివేపాకు రెబ్బలు పడేదాకా సంచీ మూతి ముడవం. ఆ రెబ్బల ఖరీదెంత అని అడిగితే చెప్పలేం. ఇవ్వకపోతే మాత్రం మర్నాడు పక్క బండికి వెళతాం. పైసలు పోయాయని బాధ కాదు, “ఇన్నేళ్ళుగా కొంటున్నానే, నన్ను పట్టించుకోలేదే” అన్న ఉక్రోషం. అసలుకు ఎటూ డబ్బిస్తాం. కొసరు మాత్రం మన మొహం చూసి ఇవ్వాలి.

ఈ కొసరుకు జపాన్ దేశపు పాటలతో ముడిపడిన చరిత్ర ఒకటుందంటే నవ్వకండి. అక్కడ గ్రామఫోను రికార్డో, సీడీయో కొన్నవాళ్ళ చేతిలో పైన ఏదో ఒకటి పెట్టడం ఆనవాయితీ. పోస్టరు, గాయని బొమ్మ ఉన్న పోస్టుకార్డు, తాళంచెవుల గొలుసు, బ్యాడ్జీ... కొట్టును బట్టి, రోజును బట్టి. దాన్ని వాళ్ళు ‘తొకుతెన్’ అంటారు. మన భాషలో అచ్చంగా కొసరే! అయితే ఆ పాటలనే ప్రాణంగా చూసుకుంటూ, ఎక్కడో బ్రెజిల్లోనో ఫ్రాన్సులోనో కూర్చుని, తపాలా ఖర్చూ సుంకమూ భరించి తెప్పించుకునే అభిమానులకు అసలు అందేదే గాని, కొసరు చాలాసార్లు అందేది కాదు. ఎక్కువ ఇచ్చుకున్నవాళ్ళకు తక్కువ ముట్టేదన్న మాట. ఇదెక్కడి న్యాయమండీ అని ఆరా తీయబోతే, మొదట ఎదురైంది ఒక చట్టం.

యుద్ధం అయిపోయాక, 1947లో జపాన్‌లో గుత్తవ్యాపారాన్ని అరికట్టే చట్టం వచ్చింది. సరుకు చేసినవాడు చిల్లర కొట్టువాడితో “నువ్వు ఇంతకే అమ్మాలి సుమా” అని శాసించకూడదన్నది అందులో ఒక సూత్రం. 1953లో ఆ చట్టాన్ని సవరిస్తూ పుస్తకాలకూ, పత్రికలకూ, గ్రామఫోను రికార్డులకూ మినహాయింపు ఇచ్చారు. తర్వాత్తర్వాత పాటల క్యాసెట్లూ సీడీలూ ఆ గొడుగు కిందికే చేరాయి. అంచేత కంపెనీ వేసిన ధరే ధర. రాజధానిలోని పెద్ద అంగడిలోనైనా, పల్లెటూరి స్టేషను పక్క కొట్టులోనైనా ఒకటే రేటు. ఆల్బమ్ సీడీ అంటే సుమారు 3000 యెన్లు. కొత్త సీడీ మీద పది యెన్లు తగ్గిస్తానన్నా కొట్టువాడికి కుదరదు. విడుదలై కొంతకాలం గడిచినవాటికి తర్వాత సడలింపులిచ్చారు. అసలు ఈ ఏర్పాటే ఎత్తేయాలా అని ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడి, 2001లో ప్రస్తుతానికి ఉండనిద్దామని తేల్చారు.

ఇప్పుడు మీరే చెప్పండి. పక్కపక్కన రెండు కొట్లు, ఒకటే పాట, ఒకటే ధర. గిరాకీని తన వైపు తిప్పుకోవాలంటే కొట్టువాడేం చెయ్యాలి? ధర తగ్గించలేనివాడు కొసరు వేస్తాడు. ఒకడు పోస్టరు ఇస్తే ఇంకొకడు బొమ్మల కార్డు ఇస్తాడు. మన ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో కనబడే పోటీ అంతా అక్కడ ఈ కాగితం ముక్కల్లోకి దిగింది.

దీనికి తోడు 1980లో టోక్యో నగరం పడమటి వైపు మితకలో కొందరు విద్యార్థులు రికార్డులు అద్దెకిచ్చే కొట్టు తెరిచారు. అది చూసి దేశమంతా అలాంటి కొట్లు వెలిశాయి. రాత్రికి తెచ్చుకుని, క్యాసెట్టులోకి ఎక్కించుకుని, తెల్లారి తిరిగి ఇచ్చేయొచ్చు. మరి నిండు ధర పోసి కొన్నవాళ్ళకు అద్దెవాళ్ళకు దక్కనిది ఏదో ఒకటి ఉండొద్దూ? పాట ఇద్దరికీ ఒకటే. తేడా చూపించాల్సిన పని పోస్టరు మీదా, బొమ్మల పుస్తకం మీదా పడింది. ‘మొదటి విడత ముద్రణ’ అంటూ మేలైన అట్టతో కొన్ని ప్రతులు, తర్వాత మామూలు ప్రతులు వెయ్యడం ఆచారమైంది. మొదటి కాపు మామిడికాయకున్నంత గిరాకీ ఆ మొదటి విడతకు!

సరే, ఇదంతా జపాన్ గడప లోపలి సంగతి. గడప దాటిన పాట గతేమిటి?

1961లో సకమోతో క్యూ అనే కుర్ర గాయకుడు పాడిన పాట ఒకటి జపాన్‌ను ఊపేసింది. ‘ఉయె ఒ ముయితె అరుకో’ దాని పేరు. పైకి చూస్తూ నడుద్దాం అని అర్థం. 1963 జూన్‌లో ఆ జపాన్ భాష పాటే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికెక్కి మూడు వారాలు అక్కడే కూర్చుంది. అయితే పాశ్చాత్యులకు నోరు తిరగదని దానికి ‘సుకియాకి’ అని పేరు మార్చేశారు. సుకియాకి అంటే ఏమిటనుకున్నారు? మాంసమూ కూరగాయలూ వేసి వండుకునే వంటకం! పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఘంటసాల పాడిన ఓ విషాద గీతానికి ‘గుత్తివంకాయ కూర’ అని పేరు పెట్టి పైదేశంలో అమ్మితే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. ఆ రికార్డు కొన్న అమెరికా అమ్మాయిలకు కొసరు మాట దేవుడెరుగు, పాట సొంత పేరే అందలేదు. పాపం, ఆ సకమోతో 1985 ఆగస్టు 12న జరిగిన ఘోర విమాన ప్రమాదంలో పోయాడు.

అంతకు చాలా ముందే జపాన్ పాటలకు పరాయి గడ్డ మీద ఇంకో రకం శ్రోతలుండేవారు. 1908లో ‘కసాతో మారు’ ఓడలో బ్రెజిల్ చేరి కాఫీ తోటల్లో పనికి కుదిరినవాళ్ళు, హవాయి చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలూ మనవలూ. వాళ్ళకు రికార్డంటే పుట్టిన ఊరి గొంతు. మిసోరా హిబారి అంటే జపాన్ వారికి మన సుశీలమ్మంత ఆప్తురాలు. ఆవిడ 1950లో హవాయికీ, 1970లో బ్రెజిల్‌కీ వెళ్ళి పాడింది. మనిషే కదలి వచ్చాక ఇంకే కొసరు కావాలి?

అసలు చిక్కు ఏ చుట్టరికమూ లేని అభిమానులకు వచ్చింది. జపాన్ మాట ఒక్కటి రాదు, ఆ దేశం ఎన్నడూ చూడలేదు. పాట మాత్రం చెవిన పడింది, వదల్లేదు. ఇలాంటివాళ్ళను పిచ్చివాళ్ళని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం వాళ్ళ మీద మొదట్నుంచీ గౌరవమే. అర్థం కాని భాషలో పాటను ప్రేమించాలంటే పెద్ద మనసుండాలి. తెలుగు రాకపోయినా త్యాగయ్య కీర్తనలు కంఠతా పట్టే తమిళ మామీలను చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఈ సేకర్తలు ముందుగా ప్రేమించింది ఒక కాగితం పట్టీని. జపాన్ రికార్డు అట్టకు ఎడమ పక్కన నిలువుగా ఒక పట్టీ చుట్టి ఉంటుంది. దాన్ని ‘ఓబి’ అంటారు. కిమోనో కట్టుకున్న స్త్రీ నడుముకు చుట్టే పట్టు పట్టీ పేరూ అదే. మనమైతే వడ్డాణం అనుండేవాళ్ళం. పాట పేరు, ధర, నాలుగు ప్రకటన మాటలు దాని మీద అచ్చువేస్తారు. ఇంటికి తెచ్చుకున్న జపాన్ వారిలో చాలామంది దాన్ని చింపి చెత్తబుట్టలో వేసేవారు. మనం కొత్త చీర మీది ధర చీటీ పీకి పారేసినట్టే. అలా పారేయబట్టే పట్టీ ఉన్న పాత రికార్డులు తక్కువైపోయాయి. విదేశీ సేకర్తలు పట్టీ ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ఎంత తేడా అయినా పోసి కొనడానికి సిద్ధపడ్డారు. తోషిబా కంపెనీ ఒకప్పుడు దుమ్ము పట్టనివ్వని పదార్థం కలిపి ఎర్రటి రికార్డులు వేసేది. బీటిల్స్ పాటల ఎర్ర రికార్డు, దానికి పట్టీ కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అక్కడివాళ్ళు పారేసిన కొసరును ఇక్కడివాళ్ళు కళ్ళకద్దుకున్నారన్న మాట.

ఆ పట్టీతోనే పెద్ద ధర్మసంకటం కూడా వచ్చిపడింది. పట్టీ చివర ఓ మూల చుక్కల గీతతో చిన్న చతురస్రం అచ్చై ఉండేది. ‘ఓబొకెన్’. అంటే దరఖాస్తు చీటీ. దాన్ని కత్తిరించి, పోస్టుకార్డుకు అంటించి, ఫలానా తేదీలోగా పంపితే లాటరీ తీసి ఎవరికో సంతకం చేసిన పోస్టరో, ప్రత్యేక కచేరీకి ప్రవేశమో ఇస్తారు. జపాన్‌లో ఉండేవాళ్ళకే అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. కాలేజీ రోజుల్లో బొమ్మల సినిమాల్లో విన్న జపాన్ పాటలతో మొదలుపెట్టి, ఇప్పటికి రెండు బీరువాల సీడీలు చేసింది. ఆమధ్య నేను వెళ్ళినప్పుడు ఒక్కొక్కటే తీసి చూపించింది. ఏ పట్టీకీ కత్తెర తగల్లేదు. ఏ చీటీ గడువూ దాని చేతికొచ్చేసరికి మిగిలి లేదు.

“అయినా ఉంచుకున్నావేమే?” అన్నాను.

“కత్తిరిస్తే పట్టీ పాడవుతుంది పిన్నీ. కత్తిరించకపోతే నాకు రావాల్సింది రాదు. ఎటూ రాదుగా, పట్టీ అయినా దక్కనీ” అంది.

ఒకసారి ఒక తపాలా అంగడి నుంచి పోస్టరుతో కలిపి తెప్పించుకుంటే, సీడీ పెట్టెలో ఇమడాలని పోస్టరును ఎనిమిది మడతలు పెట్టి పంపారట. గొట్టంలో చుట్టి పంపాలంటే పోస్టరు ఖర్చుకన్నా గొట్టం ఖర్చే ఎక్కువ. ఆ మడతల పోస్టరును అది దుప్పటి కింద పరిచి, పైన ఇస్త్రీపెట్టె ఆడించిందని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

దాని బీరువాలో నాకు నచ్చినవి పొడుగాటి చిన్న సీడీలు. 1988 నుంచి జపాన్‌లో ఒకటి రెండు పాటల కోసం 8 సెంటీమీటర్ల బుల్లి సీడీలు వచ్చేవి. వాటి అట్ట నిలువుగా, సన్నగా ఉంటుంది. కవిత రాసుకునే కాగితపు పట్టీలా ఉంటుందని దానికి ‘తంజాకు’ అని పేరు. సగం ఖాళీయే కాబట్టి మడిచి, లోపలి ప్లాస్టిక్‌ను విరిచి, చిన్నది చేసుకోవచ్చు. మడవనిదానికే సేకర్తల దగ్గర విలువ.

అయితే చిత్రం చూడండి, ఒక రకం కొసరు మాత్రం సముద్రాన్ని సులువుగా దాటింది. పైన చెప్పిన స్థిర ధర చట్టం జపాన్‌లో తయారైన రికార్డులకే గాని, బయటి నుంచి దిగుమతైనవాటికి లేదు. దాంతో అమెరికా గాయకుడి సీడీ అమెరికా నుంచి వస్తే చవక, అదే జపాన్‌లో అచ్చువేస్తే ప్రియం. మరి ప్రియమైనదాన్ని ఎవరు కొంటారు? అందుకని జపాన్ ప్రతిలో ఒకటో రెండో పాటలు అదనంగా చేర్చి, పాటల సాహిత్యమూ దాని అనువాదమూ చిన్న పుస్తకంగా వేసి ఇచ్చేవారు. ఈసారి ఉడుక్కోవడం అమెరికా, యూరప్ వారి వంతైంది. తమ గాయకుడు తమ భాషలో పాడిన పాట కోసం టోక్యో నుంచి సీడీ తెప్పించుకోవాల్సిన గతి పట్టింది! పాటగా మారి పళ్ళెంలోకెక్కిన కొసరు ఎక్కడికైనా వెళ్తుంది. కాగితంగా ఉన్నదే ఒడ్డున నిలబడిపోతుంది.

ఆసియా దేశాల వారి కథ ఇంకోరకం. తైవాన్, హాంకాంగ్ లాంటి చోట్ల అమ్మడానికి జపాన్ కంపెనీలు అక్కడే చవకగా అచ్చువేయడానికి అనుమతులిచ్చేవి. ఆ చవక ప్రతులు తిరిగి జపాన్‌లోకి వచ్చి, అక్కడి ధరను దెబ్బతీస్తాయని భయం పట్టుకుంది. 2004లో కాపీహక్కు చట్టాన్ని సవరించి, 2005 జనవరి 1 నుంచి అలాంటి ప్రతులు తిరిగి దేశంలోకి రాకుండా అడ్డుకట్ట వేశారు. జపాన్‌లో అమ్మరాదు అని వాటి మీద ముద్ర కూడా ఉంటుంది. పుట్టింటికి రావద్దని ఆడపిల్ల నుదుట రాసి పంపినట్టు!

కొరియాలో అంతకన్నా గడ్డు పరిస్థితి. 1910 నుంచి 1945 దాకా జపాన్ ఏలుబడిలో నలిగిన దేశమది. ఆ గాయంతో స్వతంత్రం వచ్చాక దక్షిణ కొరియా జపాన్ పాటలనూ సినిమాలనూ లోపలికి రానివ్వలేదు. 1998 అక్టోబరు నుంచి మెట్టుమెట్టుగా తలుపులు తీశారు. జపాన్ భాషలో పాడిన సీడీలు బాహాటంగా అమ్ముకునే వీలు 2004 జనవరిలోగాని రాలేదు. అంతదాకా దొంగచాటు నకళ్ళే గతి. నకలుకు పట్టీ ఏమిటి, పోస్టరేమిటి? అమ్మమ్మల గాయం ఒకవైపు, మనవరాళ్ళ ఇష్టం ఒకవైపు. ఆ ఇళ్ళలో పాట పెట్టుకునేటప్పుడు ఎంత చిన్నగా పెట్టుకున్నారో అనిపిస్తుంది. ఒక నవలకు సరిపడా సరుకుంది అందులో.

2005 డిసెంబరులో టోక్యోలోని అకిహబారాలో ‘ఎకెబి 48’ అనే అమ్మాయిల బృందం మొదలయ్యాక కొసరు కాగితం రూపం కూడా విడిచేసింది. సీడీలో ఒక చీటీ. ఆ చీటీ పట్టుకెళ్ళి వరసలో నిలబడితే మీకిష్టమైన గాయని కొన్ని సెకన్లు మీ చెయ్యి పట్టుకుని పలకరించేది. 2009 నుంచి 2018 దాకా ఏటా ఎన్నికలు కూడా పెట్టారు. సీడీలో ఓటు చీటీ ఉండేది, గెలిచిన పిల్ల తర్వాతి పాటలో ముందు వరసలో నిలబడేది. ఒక్కొక్కడు పదుల్లో, వందల్లో కొనేవాడు. పాట ఒకటే, చీటీలు వంద! చీటీ తీసుకుని సీడీలు పారేసేవారు. నా మట్టుకు నాకు ఇది కొసరులా అనిపించదు. కరివేపాకు కోసం బండెడు కూరగాయలు కొని కాలవలో పోసినట్టుంది.

దూరదేశాల అభిమానికి ఆ కరస్పర్శ ఎలా చేరుతుంది? విడుదలకు ముందురోజే కొట్టులో సీడీ చేజిక్కించుకోవడాన్ని జపాన్ కుర్రకారు ‘ఫ్లయింగ్ గెట్’ అంటారు. 2011లో అదే పేరుతో ఈ బృందం పాట కూడా విడుదల చేసింది. ఆ పాట సీడీ పైదేశం ఇంటి గుమ్మంలో దిగేసరికి చేతులు కలిపే తేదీలు దాటిపోయేవి. చీటీ మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది. అభిమాన సంఘంలో చేరదామంటే చాలాచోట్ల జపాన్ చిరునామా, జపాన్ ఫోను నంబరు అడిగేవారు. అందుకే అక్కడ ఓ చిరునామా అరువిచ్చి, సరుకు దింపుకుని, మళ్ళీ కట్టి పంపే వ్యాపారాలు పుట్టుకొచ్చాయి. కొసరు కోసం ఓ కొత్త కొసరు ఖర్చు!

ఆ గుమ్మం బయట నిలబడటం ఎలా ఉంటుందో నాకూ ఒకసారి తెలిసింది. జపాన్‌లో తకరజుకా అని 1914 నుంచి ఆడుతున్న నాటక సంస్థ ఉంది. అందులో మగ వేషాలు కూడా ఆడవాళ్ళే కడతారు. 2024 జనవరిలో వాళ్ళు మన ‘ఆర్ ఆర్ ఆర్’ను రంగస్థలం మీదికి ఎక్కించారు. కొమురం భీముడుగా మీసం పెట్టుకున్న జపాన్ అమ్మాయి! మన కథ, మన కీరవాణి పాట. హైదరాబాదులో కూర్చున్న నేను ఫోటోలు చూసి సంతోషించాల్సి వచ్చింది.

ఇక తపాలా సంగతి. విమానమంత ప్రియం కాకుండా, ఓడంత ఆలస్యం కాకుండా మధ్యస్థంగా ఉండే పార్సిల్ పద్ధతి ఒకటి ఈ సేకర్తలకు కల్పవృక్షంలా ఉండేది. 2020లో మహమ్మారి దెబ్బకు దాన్ని ఆపేశారు. 2021 జూలైలో యూరప్ కూటమి చిన్న పార్సిళ్ళ మీద పన్ను మినహాయింపు ఎత్తేసింది. 2025 ఆగస్టు 29న అమెరికా కూడా తన మినహాయింపు తీసేసింది. మా పిల్ల ఆ వారమంతా ఫోనులో ఒకటే నస.

ఎలాగూ సరుకు రావడం కష్టమైందని, మనుషులే అక్కడికి వెళ్ళడం ఎక్కువైంది. టోక్యో షిబుయాలో టవర్ రికార్డ్స్ అని బహుళ అంతస్తుల పాటల అంగడి ఉంది. నిజానికది 1960లో అమెరికాలో పుట్టిన కంపెనీ. పుట్టినచోట దుకాణాలన్నీ 2006లో మూతపడ్డాయి. జపాన్ శాఖ అంతకుముందే వేరుపడింది కాబట్టి బతికింది. అమెరికా పిల్లలు తమ దేశంలో లేని తమ అంగడిని వెతుక్కుంటూ సముద్రం దాటి వెళ్ళి, అక్కడ కొని, కొసరు స్వయంగా చేత పుచ్చుకుంటున్నారు.

వాళ్ళు వెతికేవాటిలో మత్సుబారా మికి అనే గాయని రికార్డు ఒకటి. 1979లో, ఇంకా ఇరవై నిండకుండానే, ‘అర్ధరాత్రి తలుపు’ అనే అర్థమొచ్చే పేరుతో తొలి పాట పాడింది. 2020 డిసెంబరులో ఆ పాట స్పాటిఫైలో ప్రపంచమంతటా నోటినోటా పాకే పాటల పట్టికలో మొదటికెక్కింది. ఆవిడ అప్పటికి లేదు. 2004లో, 44 ఏళ్ళకే జబ్బుచేసి పోయింది. తన పాట కోసం ఏ దేశాల పిల్లలు ఏ వీధుల్లో తిరుగుతున్నారో ఆవిడకు తెలియలేదు.

ఆ వీధుల్లోని పాత రికార్డుల కొట్లలో ప్రతి అట్ట మీదా చిన్న చీటీ అంటించి ఉంటుంది. రికార్డు ఎలా ఉందో, దానితోపాటు వచ్చినవాటిలో ఏది మిగిలిందో, ఏది పోయిందో అందులో రాస్తారు. 1980లో కొన్న ఇల్లాలు చింపకుండా వదిలేసినది, గోడకు అంటించుకున్నది, కత్తిరించి పోస్టు డబ్బాలో వేసినది, అన్నీ ఆ చీటీలో లెక్కకొస్తాయి. పాటల కాగితం ఉంది. పట్టీ ఉంది, మూల కత్తిరించారు. పోస్టరు లేదు.